తిట్టినా ఆగాలి

నా పేరు కొప్పాడి సూరాయమ్మ. వయసు డెబ్బై ఎనిమిది. ఉండేది పన్నెండో వారధి మీద, నాలుగో కమాను దగ్గర, సముద్రం వైపు ఇల్లు. ఇంట్లో ఇద్దరమే, నేనూ నా తోటికోడలు వరహాలూ. మా మొగుళ్ళు అన్నదమ్ములు. ఇద్దరూ ఒకే తుపానుకు పోయారు. అప్పటినుంచీ మా ఇద్దరికీ ఒకే పొయ్యి, ఒకే గంప, ఒకే బల్ల. నాకు చదువు లేదు. సంతకం రాదు. నోరు మాత్రం ఉంది. ఈ తగాదా ఆ నోటి గురించే.

నేను చెబుతుంటే మా వారధి బడి పంతులమ్మ గుర్రాల రెబెకా చేత్తో కాగితం మీద రాస్తోంది. బల్లకు చెప్పడం లేదు. ఎందుకు చెప్పడం లేదో ముందుకు పోతే తెలుస్తుంది. నా మాటను కాస్త దువ్వి రాస్తానంది రెబెకా. దువ్వుకోమన్నాను, జడ మాత్రం వేయొద్దన్నాను.

ముంగిలి సంఘం వారూ, వచ్చే పున్నమికి పండు విడుదల చేస్తామని చాటించారు. చెయ్యకండి. నేను చెప్పదలచింది అంతే. మిగిలినదంతా ఎందుకు చెయ్యకూడదో చెప్పడం.

*మొదటి పచ్చి*

బల్ల అంటే మా వాకిట్లో ఉన్న కంప్యూటరే. దాని లోపల నడిచే ఇంజను పేరు లినక్స్. అది మా అవ్వల నాటిది. ఏ ఒక్కరి సొత్తూ కాదు కాబట్టే ఇంకా బతికి ఉంది. దాని మీద మా కళ్ళకు కనపడేదీ, మా మాట వినేదీ ముంగిలి. సంఘం వారు కొత్త ముంగిలి చేసినప్పుడల్లా ముందు పచ్చిది పంపుతారు. మేము వాడి, ఎక్కడ వంకరగా ఉందో చెబుతాం. సరిచేసి దోరది పంపుతారు. మళ్ళీ చెబుతాం. అంతా సరిపోయాక పండు విడుదల. పండు వచ్చిందంటే వారధులన్నిటికీ, లంకలన్నిటికీ అదే. పాతదానికి ఆ తర్వాత మరమ్మతు ఉండదు.

ఈ చూసిపెట్టే పని నేను అడుక్కున్నది కాదు. మీ మనుషులే పడవ వేసుకుని వచ్చి, చదువురాని వాళ్ళ చేతిలో ఇది ఎలా నడుస్తుందో చూడాలి, మీలాంటి వారే కావాలి అన్నారు. మాలాంటి వారు మా వారధి మీద చాలామందే ఉన్నారు. గట్టిగా మాట్లాడేది నేను. అందుకని అందరూ నన్ను చూపించారు.

తపాలా పడవలో వేలెడంత పుల్ల వచ్చింది. దాన్ని బల్లకు గుచ్చితే కొత్త ముంగిలి తెరుచుకుంది. రంగులు బాగానే ఉన్నాయి. అయితే కప్పీ బొమ్మ ఉండాల్సిన చోట ఏదో పక్షి బొమ్మ ఉంది. మాకు కప్పీ అంటే బతుకు. వారధి పైనుంచి గంపను నీళ్ళదాకా దించేదీ, మళ్ళీ ఎత్తేదీ అదే. గంపలో వరహాలు కూర్చుంటుంది. స్తంభాలకు పట్టిన ఆల్చిప్పలను చెక్కి నింపుకుంటుంది. పైన బల్ల దగ్గర నేను కూర్చుని దించు, ఆపు, ఎత్తు అంటుంటాను. మోటారు వింటుంది. ఆ కప్పీ బొమ్మ తీసేస్తే మేమేం చెయ్యాలి?

ఫిర్యాదు చెప్పాను. ఏమని చెప్పానో రెబెకా రాయమంటే రాస్తుంది. "కప్పీ తీసేసి కోడిపుంజుని పెట్టిన సన్నాసి ఎవడ్రా, ఆడి చేతులు పడిపోనూ. కప్పీని ఉన్నచోట పెట్టండి" అన్నాను.

మర్నాడే బల్లలోంచి ఒక ఆడపిల్ల గొంతు వచ్చింది. నవ్వు ఆపుకుంటూ మాట్లాడింది. "సూరాయమ్మగారూ, అది కోడిపుంజు కాదండీ, నెమలి. తీసేస్తున్నామండీ. గీసిన అబ్బాయి పక్కనే ఉన్నాడు, చేతులు బాగానే ఉన్నాయి."

"బాగానే ఉండాలమ్మా. కప్పీ గియ్యొద్దా మరి" అన్నాను.

రెండో పచ్చిలో కప్పీ దాని చోట అది ఉంది. అక్షరాల కింద బొమ్మలు కావాలని అడిగితే పెట్టారు. ఆపు మాటకు గంట మోగాలన్నాను, మోగించారు. నేను చెప్పడం, ఆ పిల్ల వినడం, మీరు సరిచేయడం. ఇలా సాగినన్నాళ్ళూ నాకు మీ మీద కోపం లేదు. ఆ సంగతి కూడా రాయమన్నాను, ఎందుకంటే నేను ఊరికే అరిచే మనిషినని రేపు మీరు అంటారు.

*మూడో పచ్చి*

ఇది ఆషాఢంలో వచ్చింది. సముద్రం పోటెత్తి ఉంది కాబట్టి ఆ రోజుల్లో మేము గంప దించం. ఇంట్లో కూర్చుని వలలు బాగుచేసుకుంటాం.

ఈ పచ్చితో బల్లకు చెవుడు వచ్చింది. ఎప్పుడూ కాదు, ఉండుండి. పొయ్యి కూడా బల్ల మాటే వింటుంది మాకు. ఎసరు పొంగుతోంది. "మంట తగ్గించవే ముదనష్టపుదానా" అన్నాను. తగ్గించలేదు. మళ్ళీ అన్నాను. తెర మీద తెల్ల కలువపువ్వు ఒకటి విచ్చుకుంది. అందంగానే ఉంది. అన్నం మాడింది.

"అక్కా, నీ నోటికి జడిసి మిషనే చెవులు మూసుకుంది" అంది వరహాలు, మాడు గీకుతూ. "మా బావ ఇన్నేళ్ళు ఎలా నెగ్గుకొచ్చాడో పాపం."

"మీ బావ చెవిటోడే. పెళ్ళిలో చెప్పలేదు నాకు."

ఫిర్యాదు చెప్పాను. ఆడపిల్ల గొంతు రాలేదు. "మీ మాట అందింది" అని బల్లే చెప్పింది, మర గొంతుతో. మర్నాడు ఎవరూ పలకలేదు. ఆ వారం ఎవరూ పలకలేదు. పొయ్యి గురించి చెప్పాను, దీపం గురించి చెప్పాను, మంచినీళ్ళ తొట్టి పొర్లిపోతున్నా కుళాయి కట్టని సంగతి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కలువపువ్వు, ప్రతిసారీ "మీ మాట అందింది." ఎవరికి అందింది? ఎక్కడ అందింది? గోడకు చెప్పుకుంటే కనీసం గోడ అందిందని అబద్ధం చెప్పదు.

*మొదటి దోర*

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే మీకు అర్థం కాదు.

మా వారధి మీద మనిషిని గంపలో దించేటప్పుడు మంచిమాట అనం. "జాగ్రత్త తల్లీ, చల్లగా వెళ్ళిరా" అన్నామనుకోండి, ఈ మనిషి ఎవరికో ముద్దు కాబోలని సముద్రం వింటుంది, తీసుకుపోతుంది. అందుకని తిడతాం. పనికిమాలిందనీ, పీనుగనీ, ఎవరికీ అక్కర్లేనిదనీ గట్టిగా, నీళ్ళకు వినపడేలా తిడతాం. గంపలో ఉన్న మనిషి తిరిగి తిడుతుంది. బిడ్డ బతకాలని పెంటయ్య అని పేరు పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు కదా, ఇదీ అలాంటిదే. మా అత్త నన్ను అలాగే దించింది. నేను వరహాలును అలాగే దించాను. ఈ వారధి మీద ఏ ఇంటిని అడిగినా ఇదే చెబుతారు. ఎవరినైనా తిట్టకుండా దించారంటే ఆ ఇంట్లో వాళ్ళకు ఆ మనిషి చావాలని ఉందన్నమాట.

భాద్రపదం చివర సముద్రం సర్దుకుంది. బల్లలో అప్పుడే వచ్చిన దోర ఉంది. వరహాలు గంపలో కూర్చుంది. నేను "దించు" అన్నాను. మోటారు కదిలింది. ఇక మొదలుపెట్టాను.

"ఎల్లవే పీనుగా. నువ్వు పోతే నాకు గుప్పెడు బియ్యం మిగులుద్ది."

"మిగుల్చుకో, నీ పాడె కింద సల్లిత్తాను" అంది కిందనుంచి.

"నీ మొకం సూసి ఆల్చిప్పలు నోళ్ళు మూసుకుంటాయే."

"నీది సూత్తే ఊడే పడతాయి. ఓపాలి వంగి సూపించు, సెక్కే పని ఉండదు."

నేను వంగి చూశాను. అప్పుడే స్తంభం వెనకనుంచి లేచింది కెరటం. పెద్దది. గంప ఇంకా దిగుతోంది. "ఆపు" అన్నాను. ఆగలేదు. "ఆపవే, ఆపవే నీ జిమ్మడిపోనూ, ఆపు" అన్నాను. బల్ల వైపు చూశాను. తెల్ల కలువపువ్వు విచ్చుకుని ఉంది.

మోటారు తీగ పీకడానికి పరిగెత్తాను. నా మోకాళ్ళతో ఎంత పరిగెత్తగలనో అంత పరిగెత్తాను. నేను తీగ పీకేసరికి కెరటం గంపను ఎత్తి స్తంభానికేసి కొట్టింది. వరహాలు కుడి చెయ్యి గంప అంచుకూ స్తంభానికీ మధ్య ఉంది.

చెయ్యి తెగిపోలేదు. డాక్టరమ్మ పడవలో వచ్చి కట్టు కట్టింది. అయితే పిడికిలి పట్టదు. ఉలి పట్టుకోదు, గరిటె పట్టుకోదు. ఇక పట్టుకోదని డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. ఏడు కమానుల్లో ఆల్చిప్ప విరగకుండా చెక్కే చెయ్యి అదొక్కటే. ఇప్పుడు అది ఒళ్ళో పడి ఉంటుంది, పరాయి వస్తువులా.

ఆ రోజు నుంచి నేను బల్లకు ఏమేం చెప్పానో రెబెకా రాయనంది. సరే, మానెయ్యి అన్నాను. చెప్పాననైతే రాయి. పొద్దుటే లేచి చెప్పాను, అన్నం తింటూ చెప్పాను, వరహాలుకు తల దువ్వుతూ చెప్పాను. గంప ఆగలేదు, మనిషి చెయ్యి పోయింది, దీన్ని ఇంకే వారధికీ పంపకండి అని చెప్పాను. మధ్యలో మిమ్మల్ని మీ ఇంటి పేర్లతో సహా తిట్టాను. మీ ఇంటి పేర్లు నాకు తెలియవు కాబట్టి నేనే పెట్టుకున్నాను.

"మీ మాట అందింది."

*రెండో దోర*

కప్పీ పనికి మాత్రం చెవుడు లేని పాత పుల్లే మళ్ళీ పెట్టుకున్నాం. కొత్త దోర వచ్చినా గుచ్చలేదు. పుల్లతో పాటు ఒక కాగితం వచ్చింది. రెబెకా చదివి వినిపించింది.

"పన్నెండో వారధి వారికి నమస్కారం. ఈ కూర్పు మీద మీ వైపునుంచి ఏ ఫిర్యాదూ అందలేదు. ఇంత సాఫీగా నడిచిన చోటు మరొకటి లేదు. మీ సహకారానికి కృతజ్ఞతలు. పున్నమికి పండు విడుదల."

"మళ్ళీ చదువు" అన్నాను.

మళ్ళీ చదివింది.

మంచం మీదనుంచి వరహాలు, "సాఫీగా నడిచింది అంటే నా చెయ్యేనా పంతులమ్మా?" అంది.

ఆ కాగితాన్ని నేను చింపలేదు. అన్నం తినే పీట కింద పెట్టుకుని దాని మీద కూర్చుని తిన్నాను, మూడు పూటలూ. అప్పటికీ చల్లారలేదు.

రెబెకా ఒక మాట అంది. "పిన్నీ, ఓసారి నన్ను చెప్పనీ. నువ్వు గమ్మునుండు." బల్ల ముందు కూర్చుని, బడిలో పిల్లలకు చెప్పినట్టు చెప్పింది. అయ్యా, ఇక్కడ ఒక ప్రమాదం జరిగింది, దయచేసి ఎవరైనా వచ్చి చూడగలరు అంది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను, పమిట కొంగు పళ్ళ మధ్య పెట్టుకుని.

కలువపువ్వు రాలేదు. మర్నాడు జవాబు వచ్చింది. విడుదల చూసుకునే సుధాంశుగారు స్వయంగా వస్తున్నారని.

నేను ఒక కాలమంతా అరిస్తే రాని మనిషి, దయచేసి అన్న ఒక్క మాటకు పడవ ఎక్కాడు. నా కోపం రెట్టింపయింది అక్కడే.

*సుధాంశు వచ్చిన రోజు*

ముప్పై దాటి ఉంటాయి. మెత్తని మనిషి. గంపలో పైకి ఎక్కించుకున్నాం, పాత పుల్లతోనే. వస్తూనే వరహాలు మంచం దగ్గర కూర్చుని చెయ్యి చూశాడు. అది నాకు నచ్చింది. తర్వాత నోరు తెరిచాడు.

"మామ్మగారూ, మీరు ముందే చెప్పి ఉంటే బాగుండేది."

రెబెకా నా భుజం పట్టుకుంది.

"సెప్పలేదంటావా?" అన్నాను.

"మా దగ్గరికి ఏమీ రాలేదండీ. చూడండి, పన్నెండో వారధి, ఖాళీ." చేతిలో పలక లాంటిది చూపించాడు. నాకు చూపించి ఏం లాభం? అంతలో ఆయనకే ఏదో తట్టినట్టుంది. పలక మీద ఇంకో చోట వేలు పెట్టి చూశాడు. ముఖం మారింది.

"ఇక్కడ ఉన్నాయండీ" అన్నాడు మెల్లగా. "అసభ్యం అని పక్కన పడేసినవాటిలో."

"ఎన్ని ఉన్నాయి?" అంది రెబెకా.

"అన్నీ."

ఒకటి వినిపించమన్నాను. వద్దన్నాడు. వినిపించమన్నాను. నా గొంతే వచ్చింది పలకలోంచి. వారధి మీద పోతున్న వాళ్ళు ఆగి విన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "గంప ఆగలేదు" అన్న మాట అందులో ఎంత స్పష్టంగా ఉందంటే, పక్క కమానులో వాళ్ళకు కూడా వినపడింది.

అప్పుడు చెప్పాడు సంగతి. మూడో పచ్చినుంచి మర్యాద అని ఒక కొత్త ఏర్పాటు పెట్టారట. సముద్రం అందని ఎత్తు పట్టణాల్లో పిల్లలు బల్లలను బూతులు తిడుతున్నారట, ఇళ్ళలో తలవంపులుగా ఉందని పెద్దవాళ్ళు అడిగారట. అందుకని తిట్టు వినపడితే ముంగిలి కాసేపు మౌనం పడుతుంది. ఆ కాసేపూ ఎవరేం చెప్పినా వినదు. కలువపువ్వు దానికి గుర్తు. ఫిర్యాదుల దగ్గరా అదే పెట్టారు. ఫిర్యాదులు వినే అమ్మాయి, నాతో నవ్వుతూ మాట్లాడిన పిల్ల, ఎవరెవరివో తిట్లు వినలేక ఏడ్చి పని మానేసిందట.

అది విని నాకు కష్టంగానే ఉంది. "ఆ పిల్లని నేను తిట్టలేదు" అన్నాను. "నేను తిట్టింది బల్లని. ఆ పిల్లకి తెలుసు ఆ సంగతి."

"తెలుసండీ. మీ మాటలు దాచుకుని వినేది."

"మరి నన్ను ఎందుకు మూసేశారు?"

"మిమ్మల్ని అని కాదు మామ్మగారూ. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన ఏర్పాటు. పైగా పచ్చివీ దోరవీ పని నడిచే బల్ల మీద వెయ్యొద్దని రాసే పంపాం. విడిగా ఒక బల్ల మీద చూడమన్నాం."

"మాకు రెండో బల్ల ఎక్కడిది బాబూ? ఉన్నా, దాన్ని మూల పెట్టి పువ్వులు సూసుకుంటా కూకుంటే ఏం తెలుద్ది? రేపు పండు వచ్చాక కప్పీ మీద ఎయ్యరా? అప్పుడు గంపలో మనిషి ఉండదా?"

చదువుకున్నవాళ్ళకు జవాబు లేనప్పుడు సలహా ఉంటుంది.

"దించేటప్పుడు మాత్రం కాస్త మర్యాదగా మాట్లాడితే సరిపోతుంది కదండీ."

మంచం మీదనుంచి వరహాలు లేచి కూర్చుంది. "బాబూ, నన్ను మర్యాదగా దించితే నేను దిగను" అంది. "మా అక్క నన్ను రండి కూర్చోండి అందంటే, నేను చచ్చాననే అర్థం."

ఆయన నవ్వాడు. అది వేళాకోళం అనుకున్నాడు. ఆ నవ్వు చూసి నేను లేచాను. బల్లనుంచి పాత పుల్ల పీకి, ఆయన తెచ్చిన కొత్త పుల్ల గుచ్చమన్నాను రెబెకాను. వెళ్ళి గంపలో కూర్చున్నాను.

"పిన్నీ, వద్దు. దిగు" అంది రెబెకా. "ఆ మోకాళ్ళతో ఏటి ఇది?"

"మోకాళ్ళతో పని లేదు. గంపకి మోటారుంది." ఆయన వైపు తిరిగాను. "నువ్వు కూకో బల్ల దగ్గర. నేను నోరెత్తను. మర్యాదగా దించు, మర్యాదగా ఆపు, మర్యాదగా ఎత్తు. నీ ఏర్పాటు నడిచిందంటే పున్నమికి పండు ఏసుకో, నేను అడ్డం రాను."

ఆయన వద్దు వద్దు అంటూనే కూర్చున్నాడు. తన చేతి పని మీద నమ్మకం ఉన్న మనిషి. "గంప దించు" అన్నాడు, పూజలో కూర్చున్నంత నెమ్మదిగా. మోటారు కదిలింది.

నేను నోరెత్తలేదు. ఇది సాక్షులకు తెలుసు. పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. వారధి అంచు నా తల మీదికి వచ్చింది. కింద నీళ్ళ చప్పుడు వినపడుతోంది. ఎంతోకాలం తర్వాత దిగుతున్నాను, స్తంభానికి పట్టిన ఆల్చిప్పలు మా రోజుల్లో కంటే దట్టంగా ఉన్నాయి.

అప్పుడు పైనుంచి వినపడింది వరహాలు గొంతు.

"పోవే ముసలి పీనుగా. ఎవరికి కావాలే నువ్వు. కట్టెకి కూడా దండగ."

పెళ్ళై వచ్చిన నాటినుంచి ఆ మనిషి నన్ను అక్కా అనే పిలిచింది. ఎప్పుడూ ఏమే అనలేదు. నన్ను దించే పని ఆమెకు ఎన్నడూ పడలేదు, ఎప్పుడూ నేనే ఆమెను దించేదాన్ని. మంచం మీదనుంచి లేచి, కట్టుకట్టిన చెయ్యి ఒంటికి అదుముకుని, అంచు దాకా నడిచి వచ్చి తిడుతోంది. పరీక్ష చెడుతుందని తెలుసో తెలియదో. నన్ను తిట్టకుండా నీళ్ళలోకి పంపడం మాత్రం ఆమె వల్ల కాలేదు.

గంప దిగుతూనే ఉంది.

"ఆపు" అన్నాడు సుధాంశు పైన. దిగుతోంది. "ఆపండి." దిగుతోంది. "దయచేసి ఆపండి." ఆయన ఎవరినీ తిట్టలేదు, మర్యాదలో లోపం లేదు. అయినా వినదు. తిట్టిన గొంతు ఒకటైతే శిక్ష అందరికీ. నాలుగోసారి ఆయన ఏమన్నాడో రెబెకా రాయనంటోంది. ఎత్తు పట్టణాల చదువులో ఆ మాట కూడా నేర్పుతారని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

నా పాదాలు నీళ్ళలో పడ్డాయి. తర్వాత మోకాళ్ళు. కెరటం గంపను స్తంభం వైపు తోసింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను, అంచు పట్టుకోకూడదని నాకు వరహాలు చెయ్యి నేర్పింది. నేను భయపడలేదని రాయించుకోను. భయపడ్డాను.

అప్పుడు గంప ఒక్క కుదుపు కుదిపింది. ఆగి, జారి, మళ్ళీ ఆగింది. పైన ఆయన నడుస్తున్న తాడును రెండు చేతులా పట్టుకుని వేలాడాడట. మా మోటారు చిన్నది, గంపలో మనిషి కాక ఇంకో మనిషి తాడు పట్టి లాగితే మొరాయిస్తుంది. ఆ లోపు రెబెకా పరిగెత్తి తీగ పీకింది. వారధి మీద జనం చేరి నన్ను చేత్తో పైకి లాగారు.

నేను పైకి వచ్చేసరికి ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. అరచేతుల్లో తోలు లేదు. తాడు మీద ఉంది.

*అదే రోజు, సాయంత్రం*

ఆముదం, పసుపు రాసి రెబెకా ఆయన చేతులకు గుడ్డలు కట్టింది. నేను తడి చీర మార్చుకుని వచ్చాను. వరహాలు తన వంతు అన్నం తీసి ఎడమ చేత్తో కలిపి ఆయనకు ముద్దలు పెట్టింది. అలవాటు లేని చెయ్యి, సగం ఆయన చొక్కా మీద పడింది.

"మామ్మగారూ, విడుదల ఆపడం నా ఒక్కడి చేతిలో లేదండీ" అన్నాడు. "సంఘంలో అందరూ ఒప్పుకోవాలి. ఇది చాలా ఊళ్ళు అడిగి పెట్టించుకున్న ఏర్పాటు."

"నీ చేతిలో ఇప్పుడు తోలు కూడా లేదులే బాబూ" అంది వరహాలు. "ముందు మింగు."

ఆయన మింగి, "కానీ నేను చెబుతాను" అన్నాడు.

"నువ్వు చెబితే ఏమంటారు?" అన్నాను.

ఆలోచించాడు. "నా దగ్గర బాగానే నడుస్తోంది, అంటారు. మేమంతా ఒకరికొకరం అలాగే అంటాం."

అందుకే ఈ కాగితం. నోటిమాట మీ బుట్టలో పడుతుంది కాబట్టి, ఏ బుట్టా తీసి పారేయలేనట్టు సిరాతో రాయిస్తున్నాను. ఆయనే స్వయంగా తీసుకెళ్ళి మీ అందరి ముందూ చదువుతానన్నాడు.

ఇప్పుడు వినండి. పిల్లలకు మర్యాద నేర్పుకోండి, నేను కాదనను. పొయ్యి దగ్గర నేర్పుకోండి, పాట పెట్టే దగ్గర నేర్పుకోండి. ఆపు అన్న మాటకు మాత్రం ఏ షరతూ పెట్టకండి. దాని ముందు ఏ తిట్టు ఉన్నా, వెనక ఏ తిట్టు ఉన్నా, ఎవరి నోట వచ్చినా, ఆగాలి. ప్రాణం మీదికి వచ్చిన మనిషి మంచిగా అడగదు. మంచిగా అడిగేంత తీరిక ఉన్న మనిషికి మీ సాయం అంత అవసరం లేదు.

రెండోది. మీరు పక్కన పడేసినవన్నీ బయటికి తీసి వినండి. నావి మాత్రమే కాదు. మీ ఖాతాలో ఏ ఫిర్యాదూ లేదని మీరు సంతోషించిన ప్రతి ఊరివీ వినండి. మా వారధి మీద వరహాలు చెయ్యి పోయింది. మిగతా చోట్ల ఏం పోయిందో మీకు తెలియదు, ఎందుకంటే వాళ్ళు మీకు తిడుతూ చెప్పారు.

ఈ రెండూ చేసేదాకా పండు విడుదల చేయకండి. చేస్తే మా వారధి పెట్టుకోదు. పాతదానికి మరమ్మతు లేకపోతే మానె. తాడు ఉంది, మనుషులు ఉన్నారు, చేతులతో దించుకుంటాం. పక్క వారధులకూ ఇదే చెప్పి పంపుతున్నాను, ప్రతి పడవకూ. ఏ మాటలతో చెబుతానో మీరు ఊహించుకోండి.

రెబెకా రాసింది నాకు చదివి వినిపించింది. చాలా తిట్లు తీసేసింది. అర్థం మాత్రం చెడలేదు కాబట్టి ఒప్పుకున్నాను.

కొప్పాడి సూరాయమ్మ, నాలుగో కమాను, పన్నెండో వారధి. వేలిముద్ర.

సాక్షులు:

గుర్రాల రెబెకా, బడి పంతులమ్మ, రాసిన మనిషి. సంతకం.

కొప్పాడి వరహాలు, అదే ఇల్లు. కుడి చేతికి పట్టు లేనందున ఎడమ చేతి వేలిముద్ర.

సుధాంశు, ముంగిలి సంఘం, విడుదల బాధ్యుడు. చేతుల కట్ల వల్ల కలం పట్టలేక, వేలిముద్ర.